గోడకు కట్టిన ఉత్తరం, సొరుగులో దాచిన కాగితం

ప్రశ్న: నేను హనుమకొండలో ఎం.ఏ. చరిత్ర చివరి సంవత్సరం చదువుతున్నాను. అమెరికా అంతర్యుద్ధకాలపు అధ్యక్షుడిగా అబ్రహాం లింకన్ మీద డిసర్టేషన్ తీసుకున్నాను. జీవిత చరిత్రలు నాలుగు చదివి రాస్తే ఒప్పుకోనని, ప్రైమరీ సోర్సులు చూడాలని మా గైడ్ సార్ అన్నారు. చూడటం మొదలుపెట్టాక ఉన్న స్పష్టత కూడా పోయింది. చిన్నప్పుడు మా బడి గోడ మీద, లింకన్ తన కొడుకు టీచరుకు రాసిన ఉత్తరం ఉండేది. అది ఎక్కడ వెతికినా దొరకలేదు. దొరికిన మరో ఉత్తరంలో, ఒక్క బానిసను కూడా విడిపించకుండా దేశాన్ని నిలబెట్టగలిగితే అలాగే చేస్తానని ఆయనే రాశాడు. మా క్లాసులో ఒకబ్బాయి దాన్ని పట్టుకుని 'విముక్తి ప్రదాత అన్నదంతా నాటకం' అంటున్నాడు. ఏది నమ్మాలి? అసలు అమెరికా వెళ్లకుండా ఈ పని చేయగలనా? నా పేరు వేయకండి.

సమాధానం: అమ్మా, ముందు గోడ మీది ఉత్తరం సంగతి తేల్చేద్దాం. ఉపాధ్యాయ దినోత్సవం నాడు మైకులో దాన్ని చదవని బడి మన రెండు రాష్ట్రాల్లోనూ అరుదే. కానీ దాని అసలు ప్రతి ఎక్కడా లేదు. ఏ తేదీన రాశాడో, ఏ టీచరుకు రాశాడో చెప్పినవాళ్లు లేరు. లింకన్ రాతలన్నిటినీ వెతికి కూర్చి రాయ్ బాస్లర్ సంపాదకత్వంలో 1953లో ఎనిమిది సంపుటాలు వేశారు. వాటిలోనూ అది లేదు. పైగా కథే కుదరదు. ఆయన అధ్యక్షుడయ్యేనాటికి పెద్దకొడుకు రాబర్ట్ హార్వర్డ్‌లో ఉన్నాడు. ఎడ్వర్డ్ 1850లోనే పసితనంలో పోయాడు. విల్లీ, టాడ్‌లకు వైట్ హౌస్‌లో ఇంటికే ట్యూటర్ వచ్చేవాడు. మీకు అది దొరకకపోవడం మీ వెతుకులాటలో లోపం కాదు, మీరు సరిగ్గా వెతికారనడానికి గుర్తు. వాట్సాప్‌లో వచ్చే లింకన్ సూక్తులకూ ఇదే పరీక్ష పెట్టండి: ఏ రోజు, ఎవరికి, ఆ కాగితం ఇప్పుడు ఎక్కడుంది? మూడింటిలో ఒక్కదానికీ జవాబు లేకపోతే పక్కన పెట్టేయండి.

ఇక మీ క్లాసు అబ్బాయి పట్టుకున్న ఉత్తరం. అది ముమ్మాటికీ నిజమైనదే. దాని మీద కొంచెం ఎక్కువసేపు నిలబడదాం, ఎందుకంటే ప్రాథమిక ఆధారాన్ని చదవడం అంటే ఏమిటో ఆ ఒక్క ఉత్తరంతో నేర్చుకోవచ్చు.

1862 ఆగస్టు 20న న్యూయార్క్ ట్రిబ్యూన్ సంపాదకుడు హొరేస్ గ్రీలీ తన పత్రికలో అధ్యక్షుడికి ఒక బహిరంగ లేఖ అచ్చేశాడు. రెండు కోట్ల మంది తరఫున ప్రార్థన అని దానికి పేరు పెట్టాడు. బానిసల విషయంలో మెత్తబడిపోతున్నావని నిలదీశాడు. ఆగస్టు 22న లింకన్ జవాబు రాశాడు. ఒక్క బానిసను కూడా విడిపించకుండా యూనియన్‌ను, అంటే అమెరికా సమాఖ్యను కాపాడగలిగితే అలా చేస్తాను, అందరినీ విడిపిస్తే కాపాడగలననుకుంటే అలా చేస్తాను, కొందరిని విడిపించి కొందరిని వదిలేస్తే కాపాడగలననుకుంటే అదీ చేస్తాను అన్నాడు. మీ స్నేహితుడు చదివింది ఇంతవరకే. ఉత్తరం చివర ఇంకో వాక్యం ఉంది. ఇదంతా నా అధికార బాధ్యత దృష్టితో చెప్పింది, మనుషులందరూ ఎక్కడైనా స్వేచ్ఛగా ఉండాలన్న నా సొంత కోరికలో మార్పేమీ లేదు అని.

సరే, చివరి వాక్యం కూడా చదివాం. అయినా పని పూర్తికాలేదు. ఇప్పుడు క్యాలెండరు వెనక్కి తిప్పండి. సరిగ్గా నెల ముందు, జులై 22న, లింకన్ తన కేబినెట్‌కు ఒక చిత్తుప్రతి చదివి వినిపించాడు. దేశం నుంచి విడిపోతామని తిరుగుబాటు చేసిన దక్షిణాది రాష్ట్రాల్లోని బానిసలు 1863 జనవరి 1 నుంచి స్వతంత్రులని అందులో ఉంది. ఆ కాగితం ఆయన చేతిరాతతోనే ఇప్పటికీ వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంది. అంటే గ్రీలీకి జవాబు రాస్తున్నప్పుడు ఆ చిత్తు ఆయన సొరుగులో సిద్ధంగా ఉంది. గ్రీలీకి ఆ సంగతి తెలియదు. వాషింగ్టన్‌లోని నేషనల్ ఇంటెలిజెన్సర్ పత్రికలో ఆగస్టు 23న జవాబు చదివిన పాఠకులకూ తెలియదు.

అప్పుడు ఆ ఉత్తరం వేరేలా కనిపిస్తుంది. అది గ్రీలీ పేరుతో వెళ్లింది గానీ, రాసింది కెంటకీ, మిస్సోరీ, మేరీలాండ్, డెలావేర్ వంటి రాష్ట్రాల వాళ్లను దృష్టిలో పెట్టుకుని. అక్కడ బానిసత్వమూ ఉంది, యూనియన్ పట్ల విధేయతా ఉంది. యుద్ధం బానిసల కోసం కాదు, దేశం కోసం అనుకుంటూ సైన్యంలో చేరిన ఉత్తరాది తెల్లవాళ్లూ ఉన్నారు. రేపు బానిసల విముక్తి ప్రకటన వస్తే, అది దేశాన్ని కాపాడటానికి తీసుకున్న చర్య అని వాళ్ల చేత అనిపించాలి. అందుకు నేల చదును చేస్తున్నాడు.

కానీ ఇక్కడే రెండో ఉచ్చు ఉంది, అందులో నా విద్యార్థులు ఎక్కువమంది పడతారు. సొరుగులోది నిజం, పత్రికలోది ముసుగు అని తీర్పు చెప్పేయడం. ఆ చిత్తు చిత్తుగానే మిగిలిపోయి ఉండవచ్చు. యుద్ధం ఇంకో మలుపు తిరిగితే సొరుగులోంచి బయటకు వచ్చేది కాదు. పైగా అదే ఆగస్టు 14న లింకన్ నల్లజాతి ప్రతినిధులను ఐదుగురిని వైట్ హౌస్‌కు పిలిపించి, రెండు జాతులూ విడిపోవడమే ఇద్దరికీ మంచిదని, మీవాళ్లు దేశం వదిలి వేరేచోట స్థిరపడాలని చెప్పాడు. ఆ మాటలు మర్నాడే పేపర్లలో వచ్చాయి. చదువుతుంటే ఇబ్బందిగానే ఉంటుంది. ఆయన్ను వెనకేసుకొచ్చే పుస్తకాలు దీన్ని నాలుగు మాటల్లో దాటేస్తాయి. తిట్టే పుస్తకాలు జులై చిత్తును దాటేస్తాయి. మీరు మూడు కాగితాలనూ తేదీల వరసలో ఒకే బల్ల మీద పెట్టండి: జులై 22, ఆగస్టు 14, ఆగస్టు 22. ఆ మూడూ ఒకే మనిషివి. వాటికి కుదిరే లింకన్ ఎవరో రాయడమే మీ డిసర్టేషన్.

యుద్ధంలో ఉన్న అధ్యక్షుడు మనకు చరిత్ర చెప్పడానికి కలం పట్టుకోడు. ఎవరి చేతనో ఏదో చేయించడానికో, ఎవరినో ఆపడానికో రాస్తాడు. అందుకే వాక్యం కంటే ముందు పైన తేదీ, ఎవరికన్న పేరు చూడమంటాను.

జులై 22 కేబినెట్ సమావేశాన్నే ఇంకొంచెం దగ్గరగా చూడండి. ఆ గదిలో ఏం జరిగిందో చెప్పే సాక్షులు ఒక్కరు కాదు. ఆర్థిక మంత్రి సాల్మన్ ఛేజ్ డైరీ రాసేవాడు, ఆ రోజుదీ ఉంది. యుద్ధ మంత్రి ఎడ్విన్ స్టాంటన్ అక్కడ కూర్చునే గబగబా కొన్ని ముక్కలు గీసుకున్నాడు. మూడో సాక్షి గదిలో లేనివాడు: ఫ్రాన్సిస్ కార్పెంటర్ అనే చిత్రకారుడు. 1864లో ఆ సన్నివేశాన్ని పెద్ద బొమ్మగా గీయడానికి వచ్చి వైట్ హౌస్‌లో ఆరు నెలలు ఉన్నాడు. లింకన్ తనతో చెప్పిన మాటలంటూ తర్వాత అచ్చేశాడు.

ఇప్పుడు అందరికీ తెలిసిన కథ ఏమిటి? విదేశాంగ మంత్రి విలియం సీవర్డ్ ప్రకటనను ఇప్పుడే వేయవద్దన్నాడు, యుద్ధంలో ఓడిపోతున్న వేళ వేస్తే ఓపిక అయిపోయిన ప్రభుత్వం చివరి కేకలా వినిపిస్తుంది, ఒక గెలుపు వచ్చేదాకా ఆగుదామన్నాడు, లింకన్ కు అది నచ్చి కాగితం పక్కన పెట్టాడు అని. పాఠ్యపుస్తకాలన్నీ ఇదే రాస్తాయి. ఇది కార్పెంటర్ చెప్పిన కథ, అంటే దాదాపు రెండేళ్ల తర్వాతి జ్ఞాపకం, అది కూడా ఇంకొకరి నోటి ద్వారా. అదే రోజు స్టాంటన్ గీసుకున్న నోట్సు తీసి చూస్తే సీవర్డ్ నోట ఇంకో మాట ఉంది: పత్తి. బానిసత్వం రద్దు చేస్తే పత్తి కోసం విదేశాలు జోక్యం చేసుకుంటాయని ఆయన వాదించినట్టు.

కార్పెంటర్‌ది అబద్ధమని నేననను. ఒక మనిషి ఒకే సమావేశంలో రెండు కారణాలు చెప్పవచ్చు. సెప్టెంబర్ 17న మేరీలాండ్‌లో శత్రువును ఆపిన యాంటీటమ్ యుద్ధం తర్వాత ఐదు రోజులకే ప్రకటన వచ్చింది కాబట్టి గెలుపు కోసం ఆగారన్నది నిలుస్తుంది. కానీ ఆ రోజు కాగితం మీద పత్తి ఉంది, రెండేళ్ల తర్వాతి జ్ఞాపకంలో పత్తి పోయి కేక మిగిలింది. ఈ తేడాను గమనించి ఒక పేరా రాస్తే చాలు, మీ గైడ్ సార్ కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ చదువుతారు.

సాక్షులు కలిసే చోటు కూడా ఒకటి చెబుతాను. సెప్టెంబర్ 22న లింకన్ మళ్లీ కేబినెట్‌ను పిలిచి, ఇక ప్రకటన వేస్తున్నానన్నాడు. ఛేజ్ డైరీ ప్రకారం ముందుగా ఆర్టిమస్ వార్డ్ అనే హాస్య రచయిత పుస్తకంలోంచి ఒక అధ్యాయం చదివి తనే నవ్వుకున్నాడు, స్టాంటన్ తప్ప మిగతావాళ్లూ నవ్వారు. తర్వాత ముఖం గంభీరంగా పెట్టి, శత్రువును మేరీలాండ్ నుంచి తరిమితే ప్రకటన వేస్తానని నాకు నేను మాట ఇచ్చుకున్నాను, కొంచెం తడబడి, దేవుడికీ ఇచ్చుకున్నాను అన్నాడు. నౌకాదళ మంత్రి గిడియన్ వెల్స్ కూడా అదే రోజు తన డైరీలో లింకన్ దేవుడికి మొక్కుకున్నానన్నాడని రాశాడు. ఛేజ్, వెల్స్ ఒకరికొకరు చూపించుకుని రాసేంత సన్నిహితులు కారు. ఇలా విడివిడిగా రాసిన రెండు డైరీలు ఒకే మాట చెబితే దాన్ని గట్టిగా పట్టుకోవచ్చు. వెల్స్ డైరీతో మాత్రం ఒక జాగ్రత్త: తర్వాతి రోజుల్లో ఆయనే అక్కడక్కడా దిద్దాడు. 1911లో అచ్చయిన ప్రతిలో అసలుదీ దిద్దుబాటూ కలిసిపోయాయి. 1960 నాటి ప్రతి ఏది ఎప్పటిదో చూపిస్తుంది. లైబ్రరీలో రెండూ ఉంటే రెండోదే తీసుకోండి.

మీరు అడగలేదు గానీ రాసే ముందు తెలుసుకోవాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: ఈ ఉత్తరం పోస్టయిందా?

1863 జులై మొదట్లో గెటిస్‌బర్గ్‌లో యూనియన్ జనరల్ మీడ్ గెలిచాడు. ఓడిన దక్షిణాది సేనాని లీ సైన్యం పొటోమాక్ నది దాటి తప్పించుకుపోయింది. జులై 14న లింకన్ మీడ్‌కు ఒక ఉత్తరం రాశాడు. లీ చేతికి చిక్కినవాడే, అతన్ని పట్టుకుని ఉంటే యుద్ధం ముగిసేది, నీ బంగారు అవకాశం పోయింది, నా బాధకు అంతులేదు అని. చదివితే ఎవరికైనా మనసు కలుక్కుమంటుంది. కవరు మీద మాత్రం లింకన్ చేతిరాతతోనే ఉంది: జనరల్ మీడ్‌కు, పంపలేదు, సంతకం చేయలేదు.

కాబట్టి 'లింకన్ మీడ్‌ను మందలించాడు' అని రాస్తే తప్పు. 'లింకన్ ఎంత కోపమొచ్చినా మింగేసే మనిషి, మీడ్‌కు తెలియనివ్వలేదు' అని రాసినా తప్పే. ఎందుకంటే అదే రోజు మధ్యాహ్నం ప్రధాన సేనాధిపతి హాలెక్, లీ తప్పించుకోవడం అధ్యక్షుడికి తీవ్ర అసంతృప్తి కలిగించిందని మీడ్‌కు టెలిగ్రాం కొట్టాడు. మీడ్ వెంటనే నన్ను తప్పించండి అని తిరుగు టెలిగ్రాం ఇచ్చాడు. ఇది మందలింపు కాదు, వెంబడించడానికి ప్రోత్సాహం అని హాలెక్ సర్దిచెప్పాడు. పంపని ఉత్తరం మొదలయ్యేదే ఆ రాజీనామా మాటతో. అంటే ఆ ఉత్తరం టెలిగ్రాంలకు జవాబు. అవి లేకుండా ఉత్తరాన్ని ఒంటరిగా చదివితే సగం సంభాషణ విన్నట్టే. ఆ టెలిగ్రాంలు యుద్ధ శాఖ అధికారిక రికార్డుల్లో ఉన్నాయి. 1880 నుంచి 1901 దాకా 128 పుస్తకాలుగా అచ్చేశారు. అన్నీ ఆన్‌లైన్‌లో ఉచితం. ఆ సంఖ్య చూసి బెదరకండి. మీకు కావలసిన నెలలు ఏ పుస్తకంలో ఉన్నాయో చూసుకుంటే చాలు.

అధ్యక్షుడిని చదవడమంటే అధ్యక్షుడు రాసింది చదవడమే అనుకుంటారు చాలామంది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లోని లింకన్ పత్రాల్లో ఎక్కువ భాగం ఆయనకు వచ్చినవే. ఆయన పంపినవి అందుకున్నవాళ్ల దగ్గరే ఉండిపోయి చెల్లాచెదురయ్యాయి. అందుకే బాస్లర్ వాటిని ఊరూరా వెతికి పోగుచేయాల్సి వచ్చింది. వచ్చిన ఉత్తరాలను మాత్రం వదలకండి, అసలు మజా అక్కడే ఉంది.

1863 జులై 31న బఫెలో నుంచి హానా జాన్సన్ అనే నల్లజాతి తల్లి లింకన్‌కు రాసిన ఉత్తరం ఒకటి అమెరికా జాతీయ ఆర్కైవ్స్‌లో ఉంది. ఆమె కొడుకు 54వ మసాచుసెట్స్ దళంలో ఫోర్ట్ వాగ్నర్ దగ్గర పోరాడాడు. పట్టుబడ్డ నల్ల సైనికులను దక్షిణాది వాళ్లు బానిసలుగా అమ్మకుండా మీరు ఆపాలి, తెల్ల సైనికులతో సమానంగా వాళ్లనూ చూసేలా చేయాలి, ప్రకటనను వెనక్కి తీసుకుంటారని కొందరు నాతో అంటున్నారు, తీసుకోవద్దు అని ఆమె అడుగుతుంది. అక్షరదోషాలు చాలా ఉన్నాయి, వేడుకోలు మాత్రం ఎక్కడా లేదు. ఒక పౌరురాలు తన ప్రభుత్వాన్ని లెక్క అడిగినట్టు ఉంటుంది. ఇక తేదీ చూడండి. యూనియన్ సైనికుడిని ఎవరినైనా బానిసగా చేస్తే ప్రతిచర్య ఉంటుందని లింకన్ ఆజ్ఞ మీద సంతకం చేసింది జులై 30న. ఒక్క రోజు ముందు. ఆమెకు తెలిసే అవకాశం లేదు. ఎవరైనా తొందరపడి 'ఆమె ఉత్తరం చదివి కరిగిపోయి లింకన్ ఆజ్ఞ ఇచ్చాడు' అని రాస్తే కథ బాగుంటుంది, కానీ క్యాలెండరు ఒప్పుకోదు. ఆ ఉత్తరం చెప్పేది వేరే: ఆ వారంలో ఆ డిమాండు ఎంత కింది స్థాయి దాకా వ్యాపించి ఉందో.

లింకన్ మీద ప్రేమతో పని మొదలుపెట్టినవాళ్లకు నేను తప్పక చూపించే కాగితం మిన్నెసోటా హిస్టారికల్ సొసైటీలో ఉంది. 1862లో అక్కడ డకోటా ఆదివాసీలతో యుద్ధం జరిగింది. తర్వాత సైనిక కమిషన్ 303 మందికి మరణశిక్ష వేసింది. కొన్ని విచారణలు కొద్ది నిమిషాల్లోనే ముగిశాయి. నవంబర్ 10న లింకన్ జనరల్ పోప్‌కు, ఆ శిక్షల పూర్తి రికార్డులు పంపమని టెలిగ్రాం కొట్టాడు. రికార్డులు వచ్చాయి, ఇద్దరు ప్రతి కేసునూ పరిశీలించారు. డిసెంబర్ 6న ఆయన వైట్ హౌస్ కాగితం మీద 39 పేర్లు తన చేత్తోనే రాశాడు. అలవాటు లేని డకోటా పేర్లు, పక్కన కేసు నంబర్లు. వాళ్లలో ఒకరి శిక్ష తర్వాత ఆగింది. డిసెంబర్ 26న మంకేటోలో 38 మందిని ఒకేసారి ఉరితీశారు. ఒకేలా వినిపించే పేర్ల వల్ల ఒక మనిషికి బదులు ఇంకో మనిషిని ఉరి తీశారు కూడా.

ఆ జాబితా స్కాన్ తెరిచి చూడండి. 303ను 39కి తగ్గించిన మనిషి చేతిరాత అది, 39 మంది చావుకు ఆజ్ఞ ఇచ్చిన చేతిరాతా అదే. ఉరి తీసిన సంఖ్య ఒక్కటే పెట్టి మీరు ఆయన్ను రాక్షసుడిగా రాయవచ్చు, తగ్గించిన సంఖ్య ఒక్కటే పెట్టి దయామయుడిగా రాయవచ్చు. రెండు రకాల పుస్తకాలూ ఉన్నాయి. సెనేట్‌కు డిసెంబర్ 11న పంపిన సందేశంలో ఆయనే ఇచ్చుకున్న సంజాయిషీ ఉంది: మరో తిరుగుబాటుకు ఊతమిచ్చేంత దయ వద్దు, నిజమైన క్రూరత్వమయ్యేంత కాఠిన్యమూ వద్దు అనుకున్నానని. అది కూడా సెనేట్ కోసం రాసిందే అని మరిచిపోకుండా చదవండి.

గెటిస్‌బర్గ్ ప్రసంగం జోలికి డిసర్టేషన్‌లో వెళ్లకండి, దాని మీద ఇప్పటికే రాసిందే ఎక్కువ. ఒక్కటి తెలుసుకుంటే చాలు: ఆయన చేతిరాతతో ఐదు ప్రతులున్నాయి, అవి అక్షరం అక్షరం కలవవు. దేవుడి పేరు వచ్చే మాట మొదటి రెండింటిలో లేదు, ఆ రోజు విలేకరులు పంపిన పాఠంలో ఉంది, తర్వాతి మూడు ప్రతుల్లోనూ ఉంది. బిక్స్‌బీ అనే తల్లికి 1864 నవంబర్‌లో వెళ్లిన సానుభూతి లేఖ కూడా అలాగే పేరుమోసింది. అసలు ప్రతి పోయింది. యుద్ధంలో ఆమె ఐదుగురు కొడుకులు చనిపోయారని అందులో ఉంది, చనిపోయింది ఇద్దరే. రాసింది లింకనా, కార్యదర్శి జాన్ హేనా అన్న తగువు ఇప్పటికీ తెగలేదు.

'అసలు కాగితమే చూశాను, ఇంక అనుమానమేముంది' అనుకునేవాళ్ల కోసం ఒక సంగతి. ప్యాట్రిక్ మర్ఫీ అనే సైనికుడు పారిపోయిన నేరానికి కోర్టు మార్షల్‌లో మరణశిక్ష పడినవాడు. లింకన్ అతనికి క్షమాభిక్ష ఇస్తూ సంతకం చేసిన కాగితం జాతీయ ఆర్కైవ్స్‌లో ఉంది. దాని మీద తేదీ 1865 ఏప్రిల్ 14. లింకన్‌ను కాల్చిన రోజు! ఆయన చేసిన చివరి పనుల్లో ఇదొకటని పుస్తకాల్లోకి ఎక్కింది, ప్రదర్శనలో పెట్టారు. అయితే ఒక ఆర్కైవిస్టుకు చివరి అంకె కాస్త ముదురుగా కనిపించింది. బాస్లర్ సంపుటాలు తీసి చూస్తే అక్కడ అదే కాగితం 1864 ఏప్రిల్ 14గా అచ్చయి ఉంది. 1953 తర్వాత ఎవరో 4ను 5గా దిద్దారన్నమాట. 2011 జనవరిలో ఆర్కైవ్స్ ఆ సంగతి ప్రకటించింది. అచ్చు ప్రతిని అసలుతో సరిచూడమని అందరూ చెబుతారు. ఈ కేసులో అసలు ప్రతిలో జరిగిన దొంగతనాన్ని పట్టించింది అచ్చు ప్రతి. మీకు రెండూ ఇంట్లో కూర్చునే దొరుకుతాయి కాబట్టి రెండూ చూడండి.

అమెరికా వెళ్లకుండా కుదురుతుందా అన్నారు. ఎం.ఏ. స్థాయికి పూర్తిగా కుదురుతుంది. ఈ సదుపాయం మీ ముందు తరాలకు లేదు. రాబర్ట్ లింకన్ తండ్రి పత్రాలను లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ఇస్తూ, తను చనిపోయిన 21 ఏళ్ల దాకా తెరవకూడదని షరతు పెట్టాడు. ఆయన 1926 జులై 26న పోయాడు, పెట్టెలు 1947 జులై 26న తెరిచారు. అప్పటిదాకా అమెరికా ప్రొఫెసర్లకే వాటిని చూసే భాగ్యం లేదు. ఇప్పుడు మీ ఫోనులో తెరుచుకుంటాయి, చాలావాటికి పక్కనే టైపు చేసిన పాఠమూ ఉంటుంది. బాస్లర్ సంపుటాలను మిషిగన్ విశ్వవిద్యాలయం ఉచితంగా పెట్టింది. పాత అమెరికన్ పత్రికలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లోనే ఉన్నాయి. లింకన్ ఏ రోజు ఎక్కడున్నాడో, ఎవరిని కలిశాడో చెప్పే రోజువారీ పట్టిక లింకన్ లాగ్ పేరుతో ఉంది. ఎవరైనా ఆయన ఫలానా రోజు ఫలానా చోట ఇలా అన్నాడంటే ముందు దానిలో చూడండి, ఆయన ఆ రోజు ఆ ఊళ్లో ఉన్నాడో లేదో తేలిపోతుంది.

చేతిరాత చూసి భయపడకండి. ఆయనది శుభ్రమైన రాత. మొదటి వారం పదిరోజులు టైపు పాఠాన్ని కప్పేసి స్కాన్ మాత్రమే చదవండి, తర్వాత సరిచూసుకోండి. కన్ను అలవాటు పడుతుంది. స్టాంటన్ రాతతో మాత్రం అంత సుఖం ఉండదు.

మీ అంశం గురించి నా అభ్యంతరం ఒకటుంది. 'యుద్ధకాల అధ్యక్షుడిగా లింకన్' అన్నది నాలుగేళ్లు, ఎనిమిది సంపుటాలు, 128 పుస్తకాలు. ఒక సెమిస్టర్‌లో అది మిమ్మల్ని మింగేస్తుంది. 1862 జులై 22 నుంచి సెప్టెంబర్ 22 దాకా తీసుకోండి, సరిగ్గా రెండు నెలలు. చిత్తు నుంచి ప్రకటన దాకా. బాస్లర్ అయిదో సంపుటం ఒక్కటి, ఛేజ్, వెల్స్ డైరీలు, ట్రిబ్యూన్, ఇంటెలిజెన్సర్ ఆ నెలల సంచికలు, ఆయనకు ఆ రెండు నెలల్లో వచ్చిన ఉత్తరాలు. ఒక పొడవాటి నోట్‌బుక్‌లో రోజుకో పేజీ వేసుకోండి. ప్రతి కాగితాన్నీ దాని తేదీ పేజీలోనే ఎక్కించండి, జ్ఞాపకాలను మాత్రం అవి రాసిన తేదీతో వెనక పేజీల్లో వేరే సిరాతో. ఫుట్‌నోట్‌లో పత్రం, తేదీ, ఎవరికి, ఇప్పుడు ఎక్కడుంది అన్న నాలుగూ ఉండాలి. ఇంగ్లీషు అసలు పాఠాన్ని అక్కడే ఇవ్వండి, పైన మీ తెలుగు.

సీవర్డ్ పత్తి భయం మీకు ఆసక్తి కలిగిస్తే, ఆ దారం మనవైపుకే వస్తుంది. 1861 ఏప్రిల్ 19న లింకన్ దక్షిణాది రేవులను దిగ్బంధించే ప్రకటన చేశాడు. అమెరికా పత్తి ఆగిపోయేసరికి లాంకషైర్ మిల్లులు మూతపడ్డాయి, మన దేశపు పత్తికి గిరాకీ, ధర ఎగబాకాయి. పనిపోయిన మాంచెస్టర్ కార్మికులకు 1863 జనవరి 19న లింకన్ రాసిన ఉత్తరం బాస్లర్ ఆరో సంపుటంలో ఉంది. గుంటూరు, బళ్లారి పత్తి సంగతులు కావాలంటే మద్రాసు ప్రెసిడెన్సీ రెవెన్యూ బోర్డు కాగితాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో చూడాలి. దానికి రైలు టికెట్టు, మీ డిపార్ట్‌మెంట్ నుంచి ఒక లెటరు చాలు. కానీ అది పీహెచ్‌డీ అంశం, ఈ సెమిస్టర్‌లో దాని జోలికి పోకండి.

ఇక మీ క్లాసు అబ్బాయికి జులై 22 చిత్తు స్కాన్ పంపండి, ఆగస్టు 14 పేపరు రిపోర్టు కూడా కలిపి పంపండి. వాదన ఆగదు. కాకపోతే ఈసారి ఇద్దరూ ఒకే కాగితాల మీద వాదించుకుంటారు.